బోదె చివరన నేర్చుకున్న మొదటి మాట

పోయిన నెల విజయవాడలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యవసాయ సహాయకులకు శిక్షణ జరుగుతుంటే, ఒక పూట వచ్చి మాట్లాడమని నన్ను పిలిచారు. రైతు సభలో ప్రసంగాన్ని ఎలా ప్రారంభించాలన్నది వాళ్ళు నాకిచ్చిన విషయం. ముప్పై రెండేళ్ళు వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషికి ఇంతకన్నా సులువైన విషయం ఉండదనుకుని, భవానీపురంలో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కి వెళ్ళాను. ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి కలం మూత తీసి సిద్ధంగా పెట్టుకుని, "మేడమ్, ఎక్కడైనా పనికొచ్చే ఓపెనింగ్ లైన్ ఒకటి చెప్పండి, రాసుకుంటాం" అంది.

ఏదో చెప్పాను. రాసుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు. తిరిగి వస్తుంటే మాత్రం, విత్తనాలిస్తానని పిలిచి ఊక పోసి పంపినట్టు అనిపించింది. నేను చెప్పిన వాక్యం మంచిదే. అది ఏ మడిలో మొలిచిందో చెప్పకుండా ఇచ్చాను, అదీ తప్పు. ఆ తప్పు సరిదిద్దుకోవడానికే ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో, ఎన్ని బదిలీలయ్యాయో ఇందులో ఉండదు. ఒక ఊరు, చేలకు నీళ్ళు తెచ్చే ఒక పంట బోదె, దాని చివర ఉన్న రెండెకరాల చేను, అక్కడ నేను నోరు తెరిచిన మూడు సందర్భాలు ఉంటాయి.

బహుమతులు తెచ్చిన ప్రశ్నలు

విజయవాడలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడూ, ఆ తర్వాత వ్యవసాయ కళాశాలలోనూ వాద పోటీలంటే నాకు ప్రాణం. మాకు శిక్షణనిచ్చిన తెలుగు లెక్చరరు గారు సన్నగా, గొంతు మాత్రం గంటలా ఉండే మనిషి. సాయంత్రాలు ఖాళీ తరగతి గదిలో మమ్మల్ని రెండు పక్షాలుగా నిలబెట్టి, సుద్దముక్కతో బల్ల మీద కొడుతూ వినేవారు. "మొదటి ప్రశ్నకే ఎదుటి పక్షం తడబడాలి. అక్కడితో పోటీ అయిపోయినట్టే. మిగతాది మర్యాద కోసం మాట్లాడతాం" అనేవారు. ఆయన నోటి నుంచి "భేష్" అన్న మాట రావడానికి మేం వారాల తరబడి కాచుకునేవాళ్ళం.

నాకు వచ్చిన బహుమతులన్నీ ఇంచుమించు ఆ మొదటి ప్రశ్నకు వచ్చినవే. అంతకంటే ముఖ్యంగా, ప్రశ్నించడం నాకొక నియమమైంది. పుస్తకంలో ఉన్నా, పెద్దలు చెప్పినా, ఆధారం చూపించనిదే ఒప్పుకోకూడదన్న పట్టుదల ఆ గదిలోనే పుట్టింది. దాని గురించి నేను ఇప్పటికీ సిగ్గుపడను. ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో సగం ఆ పట్టుదల వల్ల జరిగినవే. ఇప్పుడు కూడా ఏ కాలేజీ ముందు నుంచైనా వెళ్తూ పిల్లలు గొంతెత్తి వాదించుకోవడం వినిపిస్తే, ఒక నిమిషం ఆగి వింటాను.

అయితే ఒక సంగతి ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. పోటీలో ఎదుటి పక్షం కూడా వాదించడానికే సిద్ధపడి వస్తుంది. రైతు అలా రాడు. ఉన్న పని వదులుకుని, మెడ మీద తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ, ఏదైనా తెలుస్తుందేమోనని వస్తాడు.

మైకు ఎవరిది

నా మొదటి ఉద్యోగం చల్లపల్లి దాటాక సముద్రం వైపు ఉన్న ఒక మండలంలో వ్యవసాయాధికారిగా, ఊళ్ళవాళ్ళ మాటలో ఏవోగా. కాలువ చివరి భూములు. బస్సు దిగగానే ఒకవైపు పచ్చి వరి వాసన, ఇంకోవైపు ఉప్పుగాలి. ఆ రెండూ కలిసిన వాసన నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అక్కడ నాకు సహాయకుడిగా దేవసహాయం గారుండేవారు. నాకంటే పాతికేళ్ళు పెద్ద. సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. ఏటా గుణదల మేరీమాత తిరునాళ్ళకు మూడు రోజులు సెలవు పెట్టేవారు, మిగతా ఏడాదంతా పొలం గట్ల మీదే కనిపించేవారు. నన్ను ఒక్కోసారి "మేడమ్" అనేవారు, ఒక్కోసారి "అమ్మా" అనేవారు. నేను తెలివితక్కువ పని చేసిన రోజున "అమ్మా" అనేవారని కొన్నాళ్ళకు కనిపెట్టాను.

మొదటి రైతు సభ రోజున నేను వేదిక మీదున్న ఎవరి పేరూ ఎత్తలేదు. పేర్లు చదవడం కాలయాపన అని నా అభిప్రాయం. మైకు అందుకుని సూటిగా అడిగాను: "మీలో ఎంతమంది అవసరానికి మించి యూరియా వేస్తున్నారు? నిజాయితీగా చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక నుంచి ఎవరో, "ఎత్తినోళ్ళకి ఏమిస్తారండీ?" అన్నారు.

"ఎత్తమాకండ్రా, ఫొటో తీసి పైకి పంపుతారు" అని ఇంకో గొంతు. సభంతా ఘొల్లుమంది. నేను గొంతు పెంచాను. అంతలో మైకు ఆగిపోయింది. ఎంత తట్టినా పలకలేదు.

సభ ముగిశాక దేవసహాయం గారు నెమ్మదిగా చెప్పారు. "ఆ మైకు సెట్టు పంచాయతీ ప్రెసిడెంటు గారి సొంతం అమ్మా. వాళ్ళమ్మాయి పెళ్ళికి కొన్నారు. ఆయన మైకులో మాట్లాడుతూ ఆయన పేరే ఎత్తలేదు గదా. దానిక్కూడా మనసొప్పలేదేమో."

మా అసిస్టెంట్ డైరెక్టరు గారు, మేం ఏడీగారు అనేవాళ్ళం, ఈ సంగతి విని నన్ను పిలిపించారు. ఆయన సభా మర్యాదల్లో ఆరితేరినవారు. "పేరు పిలవడం పొగడ్త కాదమ్మాయ్. ఎవరి ఊరికొచ్చి, ఎవరి నీడన నిలబడ్డావో నీకు తెలుసునని చెప్పడం" అన్నారు. ఆ మాటలోని సత్యం ఒప్పుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. కొత్తవాళ్ళకు ఖండితంగా చెబుతున్నాను: నమస్కారం వృథా కాదు, మైకు ఎవరిదో తెలుసుకోవడం అంతకన్నా వృథా కాదు.

కానీ ఏడీగారు దాన్నొక శాస్త్రంగా మార్చేశారు. ఆయన సభల్లో పేర్ల జాబితా ఎంత పొడుగుండేదంటే, స్వాగతాలూ దండలూ పూర్తయ్యేసరికి ఆడవాళ్ళు కలుపు పనికి లేచి వెళ్ళిపోయేవారు. మిగిలేది మందుల షాపుల వాళ్ళూ, దండలు వేయించుకున్నవాళ్ళూ. దేవసహాయం గారి పద్ధతి వేరు. సభకు గంట ముందే వెళ్ళి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేలో దిగి, కనిపించిన వాళ్ళతో మాట్లాడుతూ వాళ్ళతోపాటే నడిచి వచ్చేవారు. ఆయన ప్రసంగం ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలిసేది కాదు. గట్టు మీద మొదలైన మాట సభ జరిగే చోటికి వచ్చేసరికి సగం పూర్తయ్యేది. ముప్పై రెండేళ్ళలో నేను విన్న వక్తల్లో ఆయనంత మంచి వక్త లేరు. ఆయనకు ఒక్క శాలువా కూడా కప్పలేదు ఎవరూ.

మూతతో కొలిచిన మందు

నాంచారమ్మ ఆ ప్రెసిడెంటు గారి ఊళ్ళోనే రెండెకరాల కౌలు రైతు. భర్త తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగి మంచానికే పరిమితం కావడంతో, నాట్ల నుంచి నూర్పిళ్ళ దాకా తనే చూసుకునేది. ఆమె చేను ఎక్కడుందో చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ ఊళ్ళో ఒక పంట బోదె అన్ని చేల పక్కనుంచీ చివరిదాకా వెళ్తుంది. కానీ ధారనంతా మొదటి చేనే మళ్ళించుకోవడంతో, దాని కింద ఉన్న చేలన్నిటికీ నీరు మడి నుంచి మడికే పారుతుంది. గట్టుకు చిన్న గండి కొట్టి నీళ్ళు వదులుతారు, దాన్ని మడవ అంటారు. బోదె మొదట్లో ప్రెసిడెంటు గారి చేను. చిట్టచివర, అందరికంటే పల్లంలో, నాంచారమ్మ చేను. ఆమె మడవ దాటితే మురుగు కాలువే. కాబట్టి నీళ్ళు తక్కువైతే ముందు ఎండేది ఆమె చేను, ఎక్కువైతే ముందు మునిగేదీ ఆమె చేనే.

నా రెండో ఏట, వానాకాలం పంట సార్వాలో, వరి పిలకలు వేసే సమయంలో ఆకుముడత పురుగు వచ్చింది. నాంచారమ్మ ఆఫీసుకు వచ్చి ఎండిన ఆకులు చూపించింది. నేను చీటీ మీద ఒక మందు పేరు రాసి ఇచ్చాను. ఆమె అదే కొట్టింది. పురుగు పోయింది. నెల తిరక్కుండా దోమ పట్టింది. ఈ దోమ కుట్టేది కాదు, వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేది. చేను సుడులు సుడులుగా, నిప్పంటించినట్టు ఎండిపోయింది.

పంచాయతీ ఆఫీసు దగ్గర జరిగిన సభలో ఆమె లేచి నిలబడింది. "మీరు రాసిచ్చిందే కొట్టానండీ. పురుగూ పోయింది, చేనూ పోయింది. ఎందుకంటారు?"

ఇంత శుభ్రమైన ప్రశ్న ఏ పోటీలోనూ నాకు ఎదురుకాలేదు. ప్రతి ప్రశ్నకూ జవాబుండాలన్న నియమం పెట్టుకున్నదాన్ని, జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేశాను.

"కొలత గ్లాసుతో కొలిచి కలిపారా?"

"మూతతో కలిపానండీ. అందరం మూతతోనే కలుపుతాం."

"ఆ మూతలో మందు ఎంత పడుతుందో తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తెలియనప్పుడు మోతాదు సరిగ్గా వేశానని ఎలా అంటున్నారు?"

"ఏవోగారు కాదురోయ్, ప్లీడరు గారు!" అన్నారు ఎవరో. నలుగురూ నవ్వారు. ఆ మాటను నేను మెప్పుగానే తీసుకున్నాను. నాంచారమ్మ కొంగు నిండుగా కప్పుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత దేవసహాయం గారు నన్ను ఆమె చేలోకి తీసుకెళ్ళారు. ఎండిన సుడుల పక్కన ఇంకా పచ్చగా ఉన్న దుబ్బులు విడదీసి చూపిస్తూ, "ఒక్క సాలీడుని చూపించండి అమ్మా" అన్నారు. ఎంత వెతికినా కనిపించలేదు. గట్టు దాటి, ఆ మందు కొట్టని పక్క చేలోకి వెళ్ళాం. మంచుతో తడిసిన సాలెగూళ్ళు దుబ్బుదుబ్బుకీ మెరుస్తున్నాయి.

"దోమని తినేది సాలీడే. మనం రాసిచ్చిన మందు ఆకుముడతతోపాటు వాటినీ తుడిచేసింది. మూత చిన్నదైనా పెద్దదైనా జరిగేది ఇదే." ఆయన చేతులు కడుక్కుంటూ మళ్ళీ అన్నారు: "మీరడిగినయ్యన్నీ బానే ఉన్నయ్యమ్మా. ఆవిడ అడిగిందానికే జవాబు లేదు."

ఆ రోజు నుంచి ఆ మందు పేరు ఏ చీటీ మీదా రాయలేదు. అది చేశాను. నాంచారమ్మ ఇంటికి వెళ్ళి ఒక్క మాట చెప్పడం మాత్రం చేయలేదు. శాఖ సిఫారసు చేసిన మందే కదా అని ఒక రోజు, ఎలాగూ ఆమె మర్చిపోయి ఉంటుందని ఇంకో రోజు సర్దిచెప్పుకున్నాను. తప్పు మందు రాయడం తెలియక చేసిన పని. ఇది తెలిసి చేసిన పని.

తీయనన్న మడవ

మరుసటి సార్వాలో వరి పొట్ట మీద, అంటే లోపల కంకి కట్టే దశలో ఉన్నప్పుడు వానలు ముఖం చాటేశాయి. కాలువకు వంతుల వారీగా నీళ్ళు వదిలారు. సరిగ్గా అప్పుడే దోమ మళ్ళీ కనిపించింది. ఈసారి బోదె కింద అన్ని చేలలోనూ.

దోమకు మొదటి వైద్యం నీళ్ళు తీసేయడం. మడి మూడు నాలుగు రోజులు ఆరితే దుబ్బు మొదట్లో తేమ తగ్గి దోమ జోరు తగ్గుతుంది. చేను మధ్యలో బాటలు తీస్తే గాలి ఆడుతుంది. అప్పుడు కూడా తగ్గకపోతేనే మందు. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ చివరి భూముల రైతుకు, అదీ పొట్ట మీదున్న వరికి, ఉన్న నీళ్ళు పారబోయమని చెప్పి చూడండి. మళ్ళీ వంతు ఆరు రోజుల తర్వాత. వస్తుందో రాదో ఎవరికీ నమ్మకం లేదు.

పైగా అందరి నీళ్ళూ బయటికి పోవాల్సింది ఒక్క నాంచారమ్మ మడవలోంచే. ఆమె తీస్తేనే ఆ పైనున్నవాళ్ళు తీయగలరు. ఆమె తియ్యనంది.

"ఏమంటోంది?" అని దేవసహాయం గారిని అడిగాను.

"'పోయినేడు ఆవిడ మాట ఇన్నాను, చాలు' అందమ్మా."

అప్పటికి ప్రెసిడెంటు గారితో నాకు సఖ్యత కుదిరింది. ఆయన తేలిగ్గా చెప్పారు: "దీనికింత ఆలోచనేంటండీ? నలుగురిని తీసుకెళ్ళి రెండు పార దెబ్బలు వేస్తే మడవ అదే తెగుద్ది. కౌలు మనిషి, ఏం జేస్తది?" అలా చేస్తే నేను ఆ ఊళ్ళో మళ్ళీ అడుగుపెట్టనని చెప్పాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, "అయితే మీరే ఒప్పించుకోండి" అన్నారు.

మర్నాడు ఉదయం సొసైటీ గోదాములో సభ. ఏడీగారు స్వయంగా వచ్చారు. ఆయన నా చేతిలో పెట్టిన కాగితం మీద వరుసక్రమంలో పదకొండు పేర్లున్నాయి. నా సంచిలో నేను రాత్రి రాసుకున్న మూడు ప్రారంభ వాక్యాలున్నాయి. మూడూ ప్రశ్నలే, మూడూ బాగున్నాయి. ఏ పోటీలో అయినా బహుమతి ఖాయం.

గోదాము నిండిపోయింది. వడ్లబస్తాల మీద కూడా కూర్చున్నారు. నాంచారమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. కాళ్ళకు బురద, చేతిలో పార. చేలో నుంచి నేరుగా వచ్చిందన్నమాట. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. నేను ఏం మాట్లాడినా ఆ మనిషి ఒక్కతి వినకపోతే, ఆ గోదాములో ఉన్న ప్రతి ఒక్కరి చేనూ పోతుంది. ఆమె వింటుందా లేదా అన్నది నా మొదటి మాటతోనే తేలిపోతుంది. రెండో మాట దాకా ఆమె నిలబడదని ఆమె నిలబడిన తీరే చెబుతోంది.

సభకు నమస్కరించాను. మైకు ఇచ్చిన ప్రెసిడెంటు గారికి పేరు చెప్పి నమస్కరించాను. ఆ తర్వాత పేర్ల కాగితం మడిచి బల్ల మీద పెట్టాను. సంచి తెరవలేదు.

"పోయినేడు నాంచారమ్మ గారి చేను పోవడానికి ఆవిడ మూత కారణం కాదు. నేను రాసిచ్చిన మందు కారణం."

ఏడీగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ మందు సాలీళ్ళను ఎలా చంపిందో, దేవసహాయం గారు నాకు చేలో ఏం చూపించారో నాలుగు మాటల్లో చెప్పాను. చెబుతుండగానే గుమ్మం దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"ఆ సభ అయిన రెండు రోజులకే."

"మరి ఏడాది పట్టిందేం, చెప్పటానికి?"

కాలేజీలో నేర్చుకున్న విద్య అంతా ఆ క్షణంలో గొంతు దాకా వచ్చింది. ఒక్క ఎదురు ప్రశ్నతో తప్పించుకోవచ్చు.

"ఓడిపోవడం చేతకాక" అన్నాను.

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. పార గోడకు ఆనించింది. "సరే. ఇప్పుడు నేను మడవ తీస్తా. వంతు రోజున నీళ్ళొస్తయ్యని మీరు రాసిస్తారా?"

"రాసివ్వలేను. కాలువ నా చేతిలో లేదు. ఆ రోజు మీ చేలోకి నీళ్ళు ఎక్కేదాకా నేనూ దేవసహాయం గారూ బోదె గట్టు మీదే ఉంటాం. అంతవరకే చెప్పగలను."

"మీరుండి ఏం జేస్తారమ్మా, నీళ్ళకి దారి చూపిస్తారా?" కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. "బాబుగారూ, ఎప్పుడూ మీ చేను నిండినాకే గదా పక్కదానికి. అట్టా దిగీ దిగీ నా దగ్గరకొచ్చేసరికి వంతు అయిపోద్ది. ఈసారి నా చేను మొదట తడవాలి. తర్వాత నా పైది, ఆ తర్వాత దాని పైది. మీది ఆఖర్న. ఒప్పుకుంటే ఇప్పుడే తీస్తా."

"ఎక్కడన్నా ఉందా ఇది!" అని లేచాడొకాయన.

"నీళ్ళు పారబోసుకోవటం మాత్రం ఎక్కడుందండీ?" అంది నాంచారమ్మ.

ప్రెసిడెంటు గారు మీసం సవరించుకున్నారు. ఎవరి వంక చూసినా తల దించుకుంటున్నారే తప్ప కాదనడం లేదు. దోమ అందరి చేలలోనూ ఉంది. చివరికి "సర్లే నాంచారీ, అట్నే" అన్నారు.

"అట్టా గాదండీ. మీ మైకులో చెప్పండి."

ఆయన నా చేతిలోంచి మైకు తీసుకుని చెప్పారు. ఊరి మధ్యలో వేపచెట్టుకు కట్టిన బాకా, "ఈ వంతుకి ఆఖరి చేనుకే మొదటి నీళ్ళు" అని ఊరందరికీ వినిపించింది. నాంచారమ్మ పార తీసుకుని బయటికి నడిచింది. ఆమె వెనక సభ మొత్తం నడిచింది. నా ఉపన్యాసం మిగతా భాగం చెప్పే అవసరమే రాలేదు.

వంతు రోజు

తిరిగి వెళ్ళేటప్పుడు ఏడీగారు నన్ను తన జీపులో ఎక్కించుకున్నారు. ఊరు దాటాక, "శాఖ పరువు మైకులో తీశావమ్మాయ్. మెమో ఇవ్వక తప్పదు" అన్నారు. కొంతదూరం పోయాక, "అయినా ఇంకెలా మొదలుపెట్టినా ఆ మనిషి గడప దాటేది కాదులే" అన్నారు. మెమో వచ్చింది. జవాబిచ్చాను. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. పద్ధతికి కట్టుబడిన మనిషి నిజాన్ని గుర్తుపట్టినప్పుడు ఒప్పుకోవడం నేను ఉద్యోగంలో ఎక్కువసార్లు చూడలేదు.

ఆ ఆరు రోజులు నాకు అన్నం సయించలేదు. మళ్ళు ఆరి నెర్రెలు విచ్చడం మొదలైంది. దోమ తగ్గింది, భయం తగ్గలేదు. ఒకవేళ నీళ్ళు రాకపోతే నాంచారమ్మ చేను రెండోసారి నా మాట వల్ల పోయినట్టే.

వంతు రోజు పొద్దున నేనూ దేవసహాయం గారూ బోదె మీదికి వెళ్ళేసరికి ప్రెసిడెంటు గారు తన మడవ మీద కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఇదేంటండీ, మీరే కాపలా ఉన్నారు?" అన్నారు దేవసహాయం గారు.

"మా జీతగాడి మీద నమ్మకం లేదు. నా మీద అసలే లేదు. నీళ్ళు కనపడితే చెయ్యి ఆగదయ్యా. అందుకే దాని మీదే కూర్చున్నా" అన్నారాయన.

మధ్యాహ్నానికి నీళ్ళొచ్చాయి. సన్నటి ధార, ముందు నురగ, నురగ మీద ఎండుటాకులు. అది ఒక్కొక్క చేను పక్కనుంచి ఆగకుండా జారిపోతుంటే, ఆయా చేల రైతులు మూసిన మడవల పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. బోదె చివర నాంచారమ్మ చేలోకి మొదటి నీళ్ళు ఎక్కినప్పుడు నెర్రెలు బుడబుడమని శబ్దం చేశాయి. ఆమె గట్టు మీద గొంతుక్కూర్చుని వింటోంది. నా వంక చూసి, "ఇక మీరు ఎల్లి అన్నం తినండమ్మా. మొహం పీక్కుపోయింది" అంది.

అన్ని చేలూ తడిసేసరికి మర్నాటి సాయంత్రమైంది. అప్పటికే సుడులు పడ్డ చోట్ల వరి తిరిగి రాలేదు. మిగతాది నిలబడింది.

ఎవరు ముందు కూర్చోవాలి

విజయవాడలో ఆ పిల్లలకు నేను రాయించిన వాక్యం, 'ముందుగా నా తప్పొకటి చెబుతాను' అన్నది, ఆ గోదాములో పుట్టిందే. ఆ తర్వాత ఎన్నో సభల్లో మాట్లాడాను. కొన్ని బాగా ప్రారంభించాను, కొన్ని చెడగొట్టాను. హాస్యంతో మొదలుపెట్టవచ్చు, అయితే నవ్వేది ఎవరి మీదో ముందు చూసుకోవాలి. ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు, అయితే జవాబు మీకు నిజంగా తెలియనప్పుడే. తెలిసిన జవాబు కోసం అడిగే ప్రశ్న పరీక్ష అవుతుంది, పరీక్ష రాయడానికి రైతు రాలేదు. ఇప్పటి పిల్లల దగ్గర తెరలూ బొమ్మలూ ఉన్నాయి. మంచివే. దీపాలార్పి మొదటి బొమ్మ వేసేముందు, చీకట్లో ఎవరి ముఖం కనిపించకుండా పోతోందో ఒకసారి చూసుకోమని మాత్రం చెబుతాను.

నాకు బాగా గుర్తున్న ప్రారంభం నాది కాదు. ఆ మరుసటి ఏడు తొలకరికి ముందు, అదే గోదాములో సభ జరిగింది. ఏడీగారు తన జాబితాలో పన్నెండో పేరుగా నాంచారమ్మ పేరు స్వయంగా రాసుకొచ్చారు. ఆమె అంతకుముందు మైకు పట్టుకుని ఎరగదు. దేవసహాయం గారు మైకు అందించి, "ఏం లేదు, గట్టు మీద మాట్లాడినట్టే" అని ధైర్యం చెప్పారు.

ఆమె వేదిక వంక చూసింది. ముందు వరుసల్లోని తెల్ల చొక్కాల వంక చూసింది. ఇంకా దూరంగా, నాట్ల కూలి ఆడవాళ్ళు తలల మీద కొంగులు కప్పుకుని ఎండలో నిలబడిన గుమ్మం వంక చూసింది. తర్వాత మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఆ గుమ్మం కాడ నిలబడ్డోళ్ళు లోపలికి రండి. మీరొచ్చి కూర్చున్నాకే నేను మొదలెడతా."

ముందు వరుసలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచి జరిగారు. కుర్చీలు చాల్లేదు. ఏడీగారు వేదిక దిగి, తన కుర్చీ తనే మోసుకొచ్చి వాళ్ళకు వేశారు. ఆఖరి మనిషి కూర్చునేదాకా నాంచారమ్మ మైకు పట్టుకుని, ఏ తొందరా లేకుండా, నిలబడే ఉంది.